బుంగమ్మ నోరు తెరిచింది

పెరటి తొట్టిలో బుంగమ్మ అనే బంగారుచేప ఉండేది. దాని తలమీది బుడిపె కిరీటమంత కావాలని కాకి రోజూ పూరీముక్కలు తెచ్చి పడేసేది. మిగిలినవి కుళ్లి నీళ్లు కంపుకొడుతుంటే, తొట్టిగోడకు అంటుకున్న నత్త అవ్వకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు బుంగమ్మ పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"పాపం, ఆకలి!" అంటూ కాకి ఇంకో ముక్క వేసింది.

"నీ ప్రేమ తగలెయ్య!" అని అరిచింది నత్త అవ్వ. "దానికి చిటికెడు మేత చాలే! పైపులో ఇరుక్కున్న ఆ ఆకు లాగి మంచినీళ్లు రానివ్వమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నాను? అది తిండికి కాదు, ఊపిరాడక నోరు తెరుస్తోంది!"

కాకి గబగబా వెళ్లి ఆకు లాగింది. నీళ్లు దూకాయి.

బుంగమ్మ వెల్లకిలా తేలుతూ మళ్లీ నోరు తెరిచింది. ఈసారి మూయలేదు.