తాళం పడని తలుపు

ఇంటింటి గోడ మీదా లినక్స్ డెస్క్‌టాప్ అనే కంప్యూటర్ తెర వచ్చాక తలుపులూ పొయ్యిలూ దాని చేతికే వెళ్ళాయి. మార్తమ్మ ఇంట్లో మాత్రం వీధి తలుపుకి తాళం పడటం లేదు. పక్క వీధిలో దొంగలు పడేదాకా ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒంటరి మనిషికి కునుకు పట్టలేదు. తాళం ప్రోగ్రాంలో బగ్, అంటే లోపం, ఉందని దాన్ని చూసుకునేవాళ్ళకి నివేదిక పంపింది.

మర్నాడు ఉదయం గోడ మీది తెరలోంచి ఝాన్సీ పలికింది. ఇలాంటి లోపాలను సరిచేసే స్వచ్ఛంద బృందంలో ఆమె పనిచేస్తుంది.

"ఆపి మళ్ళీ ఆన్ చేశారా పిన్నిగారూ?"

"చేశానమ్మా. ఇంకోసారి ఆపమంటే నేనే ఆగిపోతాను."

ఝాన్సీ నవ్వి, ఆమె చేత కొత్త యూజర్ పేరు తయారుచేయించింది. ఆ పేరుతో లాగిన్ కాగానే తాళం పడింది.

"అయితే ప్రోగ్రాం బాగానే ఉంది. చిక్కంతా మీ పాత సెట్టింగుల్లో ఉంది. 'ఏసుపాదం ఇంటికి వచ్చేదాకా తాళం వేయకు' అని ఉందిక్కడ. ఎవరు పెట్టారిది?"

"నేనే," అంది మార్తమ్మ. భర్త ఓడరేవులో రాత్రి డ్యూటీ చేసే రోజుల్లో ఆమె ఇంటికి చెప్పిన మాట అది. ఆయన నిరుటి వానల్లో చనిపోయాడు.

ఝాన్సీ మెల్లగా అడిగింది. "తీసేయనా పిన్నిగారూ?"

"వద్దు. చెప్పింది నేను. నేనే చెబుతాను."

పాత పేరుతో లాగిన్ అయి గోడకు ఎదురుగా నిలబడింది.

"ఆయన ఇంక రాడు. తాళం వేసుకో."

తాళం పడిన చప్పుడైంది.

నివేదిక మూసే ముందు, కారణం ఏమని రాయమంటారని ఝాన్సీ అడిగింది.

"దాని తప్పేం లేదని రాయమ్మా. ఇంటికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, అంతే."