ఒక తల్లి ఒప్పుకోవాలి

"నేను ఒప్పుకోను," అంది కాత్యాయని, ఒళ్ళో ఉన్న పాప కాళ్ళని చున్నీతో కప్పేస్తూ.

"నిజంగా సూది గుచ్చుతానన్నానా? నువ్వు ఎవరో తల్లివనుకో. నేను నీ మొగుణ్ణి కాదనుకో. ఊరికే అడుగుతున్నానంతే," అన్నాడు కౌశల్.

"మొగుడే అడిగితే ఒప్పుకోనిదాన్ని, ఎవరో అడిగితే ఒప్పుకుంటానా?"

కౌశల్ తల పట్టుకున్నాడు. దేశం కాని దేశంలో, జురాంగ్ ఈస్ట్‌లోని ఆ చిన్న ఫ్లాట్ హాలు నిండా కాగితాలే. డాక్టరు చదువు అయ్యాక పరిశోధనలో చేరిన అతను, పసిపిల్లల్లో డెంగ్యూ జ్వరం మీద పని చెయ్యడానికి గ్రాంటు కావాలని మొదటిసారి సొంతంగా రాసిన ప్రపోజల్ అది. గ్రాంటు వస్తే ఉద్యోగం ఉంటుంది. రాకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే. రేపే ఆఖరు తేదీ.

నిన్న అతని పైఅధికారి ప్రొఫెసర్ లిమ్ మేడమ్ అది చదివి, ఒక్క వాక్యం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి చేతిలో పెట్టింది. 'పిల్లల రక్తం తీయడానికి తల్లులందరూ సంతోషంగా అంగీకరిస్తారు' అన్న వాక్యం.

"ఎవరు చెప్పారు నీకు? ఒక్క తల్లినైనా అడిగావా? తల్లులు రాకపోతే నీ పరిశోధనే లేదు. ముందెళ్ళి అడుగు!" అంది.

అడగడానికి ఇంట్లోనే ఒక తల్లి ఉంది. దోమ కనిపిస్తే కిటికీలన్నీ మూసేసే తల్లి. పాప తుమ్మితే థర్మామీటరు తీసే తల్లి.

"పై అంతస్తు నిశాంత్ గారిని చూడండి," అంది కాత్యాయని. "సాఫ్ట్‌వేర్ వాళ్ళని కంపెనీలే ఫోన్లు చేసి రమ్మంటున్నాయట. మీరేమో పని చేస్తాను మహాప్రభో అని ఇన్నేసి పేజీల అర్జీ రాయాలి."

"ఆయన పని కంప్యూటర్‌తో. అది ఏడవదు. సరే, విను. శిశువుల్లో మాతృ ప్రతిరక్షకాల క్షీణత..."

"తెలుగులో చెప్పండి."

"తెలుగే కదా ఇది!"

"నాకొచ్చిన తెలుగులో. నేను పదో తరగతి దగ్గరే ఆగిపోయాను."

కౌశల్ కాగితం పక్కన పెట్టాడు. "తల్లికి ఎప్పుడో డెంగ్యూ వచ్చి తగ్గిందనుకో. దాన్ని తట్టుకునే శక్తి ఆమె ఒంట్లో ఉండిపోతుంది. అందులో కొంత కడుపులో ఉన్నప్పుడే బిడ్డకీ వస్తుంది. కానీ బిడ్డలో అది కొన్నాళ్ళే. ఎన్నాళ్ళో తెలుసుకోవాలి. అందుకే నెలకోసారి మడమకి చిన్న సూదితో..."

"అంటే ఏ నెల నుంచి భయపడాలో తెలుస్తుందన్నమాట."

"నువ్వు పాప పుట్టకముందు నుంచే భయపడుతున్నావుగా."

కాత్యాయని నవ్వింది కానీ చున్నీ తియ్యలేదు. "రక్తం ఎంత తీస్తారు?"

"పావు మిల్లీలీటరు."

"అంటే?"

"ఓ అయిదారు చుక్కలు."

"అలా చెప్పరేం? నేను సీసాడు అనుకున్నాను! ఎవరు గుచ్చుతారు?"

"నర్సు. ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి..."

"బల్ల మీదా! నా ఒళ్ళో ఉండాలి. పాలు తాగుతూ ఉండాలి. అసలు ఆస్పత్రికి ఎందుకు తీసుకొస్తాను, లేని రోగం అంటించుకోడానికా? ఆ నర్సునే ఇంటికి పంపండి."

కౌశల్ కంప్యూటర్ ముందుకు జరిగి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. "ఇంకా?" అన్నాడు. ఈసారి గొంతులో విసుగు లేదు.

"మధ్యలో నాకు వద్దనిపిస్తే?"

"మానెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనరు."

"దీనివల్ల నా పాపకి ఏమిటి?"

"సైన్సుకి చాలా..."

"సైన్సు వచ్చి ఏడ్చే పిల్లని ఎత్తుకుంటుందా?"

కౌశల్ కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఫలితం రాగానే ముందు తల్లికే ఫోన్ చేస్తాం. పాపలో ఆ శక్తి ఉందో తగ్గిందో అందరికంటే నీకే ముందు తెలుస్తుంది."

ఆ మాటకి చున్నీ కొంచెం పక్కకి జరిగింది.

"మరి తండ్రుల్ని అడగరా?"

"తండ్రులకేముంది! మాకంత బెంగ ఉండదు. తల్లి ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే."

వంటింట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. చివరికి కాత్యాయని అంది, "సరే, ఒప్పుకున్నాను."

"నిజంగా?" కౌశల్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"నిజంగానే. ఇలా చెప్తే ఏ తల్లయినా ఇస్తుంది. చూపిద్దామని ఆ సూది తెచ్చారుగా? తియ్యండి. ఎంతమందికో గుచ్చిన చెయ్యేగా మీది, ఓసారి చేసి చూద్దాం." పాప మేజోడు లాగేసి, గులాబీ రంగు మడమ ముందుకు పెట్టింది.

కౌశల్ సూది మూత తీశాడు. వంగాడు. పాప అతని ముఖంలోకి చూసి బోసినోటితో నవ్వింది.

"ఏవండీ?"

"ఊఁ."

"కానివ్వండి మరి."

"పాపకి నిద్రొస్తున్నట్టుంది," అన్నాడు కౌశల్. పాప కళ్ళు ఇంతింత చేసుకుని కాళ్ళాడిస్తోంది. "పైగా రేపే పంపాలి, టైమెక్కడుంది?"

సూదికి మూత బిగించి జేబులో వేసుకుని, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రపోజల్ చివర ఇంకో వాక్యం టకటకా కొట్టాడు. కాత్యాయని తొంగి చూడబోతే తెరకి అడ్డంగా జరిగాడు.

ఏడాది చివరి వానలు మొదలయ్యాక జవాబు వచ్చింది. గ్రాంటు మంజూరైంది. కౌశల్ పాపని ఎత్తుకుని హాలంతా గిరగిరా తిరిగాడు.

"కళ్ళు తిరుగుతాయండీ దానికి! ముందు ఏం రాశారో తెలుగులో చదవండి," అంది కాత్యాయని, కాగితం అతని చేతిలో పెడుతూ.

"'తల్లులతో మాట్లాడి రాసినట్టు ప్రతి పేజీలోనూ తెలుస్తోంది' అన్నారు."

కాత్యాయని ముఖం వెలిగిపోయింది. "ఇంకా?"

"ఇంకేం లేదు."

"కింద ఇంకో రెండు లైన్లున్నాయిగా."

"'ముఖ్యంగా చివరి నియమం మాకు చాలా నచ్చింది' అట."

"ఏమిటా నియమం?"

కౌశల్ గొంతు సవరించుకున్నాడు. "'సూది గుచ్చేటప్పుడు తండ్రులు గది బయటే ఉండాలి.'"