ఆరింటి రిపోర్టు

“ఇరవై మందితో ఒక్కరోజులో నూట ఇరవై మీటర్ల పైపు వేశారా? సరిచేసి పంపండి.”

విశాఖ ఆఫీసు నుంచి షాలిని మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఈ వారంలో ఇది మూడోసారి.

సైటు ఇంజినీరు ప్రేమ్ సాగర్ రిపోర్టు మళ్లీ తెరిచి చూశాడు. సాయంత్రం ఆరింటికి పంపే రిపోర్టులో తను నలభై మంది అనే రాశాడు. ఇరవై అని ఆవిడకెలా తెలిసింది? పూండి దగ్గరున్న ఈ సైటుకి ఆవిడ ఒక్కనాడూ రాలేదు.

ఊళ్లకి మంచినీళ్ల పైపులైను పని అది. షెడ్యూలు అతను వేసిందే. మేస్త్రీ సగం మందిని వేరే పనికి పంపేయడంతో నెల రోజులు వెనకబడింది. కొత్తవాళ్లని పెట్టుకోవడానికి బడ్జెట్టు లేదు. ఉన్నదున్నట్టు రాస్తే ఉద్యోగానికే ఎసరు. ఆ సగం మందీ తిరిగొచ్చాక మెల్లగా సర్దేద్దామనుకున్నాడు.

ఇంతలో ఎవరో సంగతులు మోస్తున్నారు.

ముందు స్టోరు చూసే గోవింద్‌ని అనుమానించాడు. తర్వాత జీపు డ్రైవరు దాలయ్యని. దాలయ్యని టెక్కలి సైటుకి పంపించేశాడు కూడా. అయినా అంకె మళ్లీ దొరికిపోయింది.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి సైటు ఎదురుగా ఉన్న కళావతి టీకొట్టుకి వెళ్లాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

“ఏటి బాబూ, మొకం అలాగుంది?”

“ఇక్కడెవరో నా మీద చాడీలు చెప్తున్నారు పిన్నీ.”

“సెప్పడానికేటుంది? అందరికీ కనిపిత్తంది కదా. ఇదివరకు పూటకి నలభై టీలు పోయీవి. ఇప్పుడు ఇరవైకి మించవు. పని ఆపేత్తన్నారేటి?”

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

“ఈ మాట ఎవరితోనైనా అన్నావా?”

“ఎవల్తో అంతాను? మా గుంటతో. పొద్దుగూకితే ఫోన్ సేత్తాది. కొట్టు మానీమంతాది, నానే మానను. మన ఊరికి నీల్లెప్పుడొత్తాయమ్మా అని రోజూ అదే అడుగుడు. ఈ బోరు నీల్లు తాగే కదా ఆల్లయ్య కిడ్నీలు పాడై పోనాడు.”

ప్రేమ్ సాగర్ ఊపిరి పీల్చుకున్నాడు. తల్లీకూతుళ్ల కబుర్లు! విశాఖ ఆఫీసుకి వీటితో ఏం పని? కానీ ఆ చివరి మాట మాత్రం అతన్ని వదల్లేదు.

కళావతి ఫోన్ మోగింది.

“నూరేల్లు! ఒలే, ఇంజినీరు బాబు ఇక్కడే ఉన్నాడు. నువ్వే అడుగు” అని ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

అవతల నిశ్శబ్దం. మొహమాటపడుతోంది కాబోలు. ముఖం కూడా తెలియని మనిషి. తండ్రిని పోగొట్టుకున్న మనిషి. అబద్ధం నోటికి రాలేదు.

“నీళ్లు అనుకున్న రోజుకి రావమ్మా. ఇంకో నెల పైనే పడుతుంది. సగం మందే ఉన్నారు. నేను ముందే చెప్పాల్సింది. భయపడి దాచాను.”

గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది.

“ఆ మాటే ఈరోజు రిపోర్టులో రాయండి ప్రేమ్ సాగర్ గారూ, ఇక అమ్మకి ఫోనివ్వండి” అంది షాలిని మేడమ్.