మంత్రాలు లేని కథ

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగి ఇరవై రోజులైంది. మా ఎల్బీనగర్ ఇంటి మేడ మీద కిరాయికి ఉండే పట్టాభి గారు దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. రాష్ట్రం వస్తే తమను ఇక్కడ ఉండనివ్వరని, నెలాఖరుకు గుంటూరు వెళ్ళిపోతామని అన్నారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దేశారు కూడా.

ఉండమని అడగడం నాకు చేతకాలేదు. ఒక కథ రాసి తీసుకెళ్ళాను.

"సైన్స్ కథల పోటీ సార్. మంత్రాలుంటే తీసుకోరంట. జర చూడుండ్రి."

ఆయన ఎర్రపెన్ను తీశారు. "ఎగిరే బస్సా? ఎలా లేస్తుందండీ?"

"కింద అయస్కాంతాలు పెట్టిన."

"సరే, కుదురుతుంది." పేజీ తిప్పారు. "రెండువేల ముప్ఫై ఒకటి. తెలంగాణ వచ్చేసిందా?"

"ఊకెనే రాలే సార్. మస్తు కొట్లాడి తెచ్చుకున్నం."

తర్వాతి వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు. 'రోజూలాగే కుళాయి నీళ్ళు పట్టుకుని, పట్టాభి గారు మా మేడ మీదే బస్సెక్కి క్లాసుకు వెళ్ళారు.'

ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదివారు.

"గిది మంత్రమా సార్, సైన్సా?" నేనే అడిగాను.

"ఎల్బీనగర్‌లో రోజూ కుళాయి నీళ్ళేంటండీ దశరథ గారూ! అది మంత్రం, కొట్టేస్తున్నా," అన్నారు. "మిగతాదంతా జరిగేదే."