బూట్లు విప్పని మనిషి

"సాబ్ గారూ, మీ చెప్పు పడిపోయిందండి!"

మాబు సాబ్ వెనక్కి తిరిగాడు.

ఆదోని పత్తి మిల్లు గేటు ముందు ఎవరో కొత్త మనిషి. చేతిలో మాబు సాబ్ చెప్పు.

మాబు సాబ్ కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలు వట్టిదే. చెప్పు ఎక్కడ ఊడిందో, ఎంత దూరం అలా నడిచాడో తనకే తెలియదు.

పరాయివాడి చెప్పు చేత్తో పట్టుకుని తెచ్చిచ్చేవాడు లోకంలో ఉంటాడా? అనుమానం అక్కడే మొదలైంది.

"ఊడినా తెలియలేదంటే కాలు మొద్దుబారిందండి. మీకు షుగరుందా?"

"నాకే రోగమూ లేదు. నీ దోవన నువ్వు పో."

పచ్చి అబద్ధం. ప్రెస్సు పెట్టెలోకి దిగి దూదిని వట్టి కాళ్లతో తొక్కడం మాబు సాబ్ పని. ఆ కాళ్లకు జబ్బని తెలిస్తే మేస్త్రీ మరునాడు గేటు దాటనివ్వడు. అందుకే చక్కెర జబ్బు సంగతి భార్య మహమూదా బీకి, తోటి కూలీ ఉచ్చీరప్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మేస్త్రీ పంపిన మనిషేలే మాబన్నా," మిల్లు లోపలికి పోయాక తేల్చేశాడు ఉచ్చీరప్ప. "మాట మన దిక్కుది కాదు. నడక జూస్తే దొర మాదిరి బిర్రుగా ఉంది. పీర్ల సావిడి కాడ అందరూ సెప్పులిడిస్తే, ఆయప్ప బూట్లేసుకోని బయటనే నిలబడినాడంట!"

మరునాడు ఆ మనిషి నేరుగా ఇంటికే వచ్చాడు. పేరు ప్రభుదాసు అన్నాడు.

"బూట్లిడిసి లోపలికి రాన్నా," అంది మహమూదా బీ.

"పర్లేదమ్మా, ఇక్కడే ఉంటాను."

గడప బయట ఎండలోనే నిలబడ్డాడు. నల్ల బూట్లు. ఎడమ బూటు ముక్కు మీద గోధుమరంగు తోలు అతుకు. మహమూదా బీ ఆ అతుకు వంకే కోపంగా చూసింది.

ఆయన సంచిలోంచి తెల్లటి మేజోళ్లు తీశాడు.

"వీటిలో కంటికి కనపడనంత సన్నటి రంగు బుడగలున్నాయండి. పాదంలో ఎక్కడ ఎక్కువ ఒత్తుకుంటే అక్కడ చిట్లి నీలం మరక పడుతుంది. మీ కాలికి తెలియని సంగతి ఇవి చెబుతాయి. రేపంతా తొడుక్కుని తిరిగి, సాయంత్రం నాకిచ్చేయండి."

"నీలం పడితే?"

"రేపు పుండు పడేది అక్కడే. ఆ చోట మెత్తగా గుంట తీసి చెప్పులు కుట్టిస్తాను. కొన్నాళ్లు మాత్రం పత్తి తొక్కకూడదండి."

పత్తి తొక్కకపోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

ప్రభుదాసు వెళ్లగానే మహమూదా బీ అందుకుంది. "తొడిగి ఇడిసిన మేజోళ్లు ఎవరన్నా అడుగుతారా? కాలికింద మన్ను తీసకపోయి మంత్రాలు సేస్తారని మా అవ్వ సెప్పేది. మన్నుకన్నా ఇది ఇంకా సెడ్డది!"

అయినా మాబు సాబ్ తొడుక్కున్నాడు. లోపల భయం ఊరుకోనివ్వలేదు మరి. పనికి నాగా పెట్టి బజారంతా తిరిగాడు.

సాయంత్రం విప్పి చూస్తే ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్లంత నీలం.

"ఇది ఆయప్ప సేతిలో పడితే మేస్త్రీ సేతిలో పడినట్లే," అన్నాడు.

మహమూదా బీ ఇంకో మాట వినలేదు. మేజోళ్లు పొయ్యిలో పడేసింది.

చెప్పిన వేళకు ప్రభుదాసు వచ్చాడు.

"మేజోళ్లు ఎలకలు కొట్టేసినాయన్నా," అందామె.

"పోనీలెండి. నీలం ఎక్కడైనా పడిందా?"

"యాడా పడలేదు," అన్నాడు మాబు సాబ్. "తెల్లగానే ఉండె."

"నిజంగానా?" ప్రభుదాసు ముఖం వెలిగిపోయింది. "దేవుడు చల్లగా చూశాడు! అయినా రోజూ పాదం కింద అద్దం పెట్టి చూసుకోండి సాబ్ గారూ."

అదే నిటారు నడకతో వెళ్లిపోయాడు.

"అద్దంలో మొగం జూసుకుంటారు గానీ పాదం జూసుకునేదేంది?" అంది మహమూదా బీ. ఇద్దరూ నవ్వుకున్నారు. పీడ వదిలిందనుకున్నారు.

వానలు మొదలయ్యేసరికి సరిగ్గా ఆ నీలం పడిన చోటే బొబ్బ లేచింది. నొప్పి లేదు. మాబు సాబ్ పత్తి తొక్కుతూనే ఉన్నాడు. వాసన వచ్చాక గానీ చూసుకోలేదు. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయేటప్పటికే ఆలస్యమైపోయింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

మరుసటేడు భార్యాభర్తలిద్దరూ ఎమ్మిగనూరు వెళ్లారు. అక్కడ పుల్లన్న కట్టె కాళ్లు చేస్తాడని ఎవరో చెప్పారు.

పుల్లన్న కొలతలు తీసుకుని, మూలనుంచి ఒక కట్టె పాదం తెచ్చి ముందు పెట్టాడు. దానికి నల్ల బూటు తొడిగే ఉంది. ముక్కు మీద గోధుమరంగు అతుకు.

"పైభాగం నీ కొలతకు కొత్తది సేస్తా. పాదం ఇదే సరిపోతాది. మొన్న గుండాగి పోయిన ఒకాయనది లే. ఎవరికన్నా పనికొస్తే ఇయ్యి అని ముందే సెప్పినాడు. పాపం, మేజోళ్ల సంచి ఏసుకోని మిల్లులెంబడి తిరిగేటోడు."

మాబు సాబ్ ఆ అతుకును వేలితో తడిమాడు. "ఆయన్ను... పంపినోళ్లెవరు?"

"ఎవురు పంపుతారప్పా? యాడో పెద్దాసుపత్రిలో బతిమాలి ఆ మేజోళ్లు తెచ్చుకునేటోడు. తిరిగేది తన ఇష్టానికే."

మహమూదా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

"బూట్లిడిసి ఇంట్లోకి రాలేదని ఎంత తిట్టుకుంటినన్నా ఆ మనిషిని!"

పుల్లన్న ఆ బూటు మీది దుమ్ము తుడిచాడు.

"యాట్ల ఇడుస్తాడమ్మా? సక్కెర రోగం ఆయన రెండు కాళ్లూ తినేసింటే, బూట్లతో సహా రెండూ నేనే సేసిస్తిని."