కుందేలు నోటికి సరిపోయిన మాట

"ఇన్ని రోజులు ఊరుకుని ఇప్పుడా తీసుకొచ్చేది?" డాక్టరు గొంతు లేచింది.

"ఇన్ని రోజులేంటండీ? నిన్న సాయంత్రం దాకా గంతులేసింది. పొద్దున ఒళ్ళు కాలిపోతుంటే చూసి పరిగెత్తుకొచ్చాను," అంది తల్లి.

"ఈ పొట్ట ఒక్క రోజులో ఇలా అవదమ్మా."

మంచం మీద ఏడేళ్ళ పిల్ల. పెదాలు ఎండిపోయాయి. పొట్ట మీద డాక్టరు ఎక్కడ వేలు పెట్టినా కిలకిలా నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నా నవ్వు మాత్రం ఆపడం లేదు.

"ఇక్కడ నొప్పా పాపా?"

నవ్వు.

"పోనీ, ఇక్కడా?"

ఇంకా పెద్ద నవ్వు.

"ఏడవకు బంగారం, ఏం కాలేదు," అంటూ తల్లి చెంపలు తుడిచింది. పిల్ల ఆమె ముఖంలోకి చూసి మరింత గట్టిగా నవ్వింది.

డాక్టరు విసుగ్గా చెయ్యి తీసేశాడు. "ఇలా నవ్వితే నాకేం తెలుస్తుంది? స్కానింగ్ గదిలో వేరే కేసుంది, అరగంట పడుతుంది. ఈ పిల్లకి అరగంట అంటే చాలా ఎక్కువ. నొప్పి ఎక్కడో, ఎప్పుడు మొదలైందో చెబితే ఇప్పుడే ఆపరేషన్‌కి తీసుకెళ్తాను. మీరైనా అడగండి."

"నా మాట ఎక్కడ వింటుందండీ! రోజంతా ఆ టీవీ చెప్పిందే వేదం."

సెలైన్ సీసా తగిలిస్తున్న నర్సు తల ఊపింది. "ఇది ఆ బొమ్మల కుందేలు పనే. 'నొప్పా? నవ్వెయ్!' అంటుంది చూడండి, అది. మొన్న మావాడికి తలుపులో వేలు నలిగితే అచ్చం ఇలాగే నవ్వాడు. స్కూలు బ్యాగు మీద కూడా అదే ముక్క."

"ఎవరికి పుట్టిందో ఆ ముక్క," డాక్టరు పళ్ళు కొరికాడు. "వాళ్ళింట్లో పిల్లలు ఉండరు కాబోలు."

తల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ కుందేలుకి గొంతు ఇచ్చేది ఆమే.

గొంతు ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. రచయిత రాసిచ్చిన మాట, "నొప్పేస్తే దాచకు, అమ్మతో చెప్పు." లక్షణమైన మాట. కానీ తెర మీద కుందేలు నోరు నాలుగుసార్లే తెరుచుకుంటుంది. ఎంత గబగబా చెప్పినా మాట సగంలో ఉండగానే దాని నోరు మూతపడేది. పదమూడు టేకులు అలాగే పోయాయి. రచయిత ఇంటికెళ్ళిపోయాడు. రికార్డింగ్ అతను గడియారం చూసుకుంటున్నాడు. ఆమె విసిగిపోయి నోటికొచ్చింది అనేసింది: "నొప్పా? నవ్వెయ్!" సరిగ్గా నాలుగు. పెదాలకి అతికించినట్టు సరిపోయింది. రికార్డింగ్ అతను అద్దం అవతల ఎగిరి గంతేశాడు. నెల తిరిగేసరికి పిల్లలందరూ ఆ మాటని నెత్తిన పెట్టుకున్నారు. ఆమె కూడా లోలోపల పొంగిపోయింది, అబద్ధమెందుకు.

ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. గొంతు ఎవరిదో తెలిస్తే పిల్లలకి కుందేలు మీద మోజు పోతుందని కంపెనీవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అమ్మ ఏదో ఆఫీసులో పని చేస్తుందని కూతురికి చెప్పింది. ఆ పిల్ల రోజూ టీవీ ముందు చతికిలబడి, కుందేలు మాట్లాడినప్పుడల్లా వెనక్కి తిరిగి వంటింట్లో ఉన్న తల్లిని చూసి ముసిముసిగా నవ్వేది. కార్టూన్ పిచ్చి అనుకునేది తల్లి.

"ఒక్క నిమిషం," అని లేచి, మంచానికి అడ్డుగా కట్టిన పచ్చ గుడ్డ అవతలికి వెళ్ళింది. గోడకి చెయ్యి ఆనించి, గొంతు సన్నగా చేసింది.

"చిన్నీ! నేనే, నీ కుందేల్ని! నొప్పేస్తే దాచకు. అమ్మతో చెప్పు."

ఇప్పుడు కొలిచి మూసుకునే నోరు లేదు. మాట మొత్తం పట్టింది.

లోపల నవ్వు టక్కున ఆగిపోయింది. ఆ వెంటనే, "అమ్మా!" అని కెవ్వుమంది పిల్ల. తల్లి పరిగెత్తుకొచ్చేసరికి కుడివైపు పొత్తికడుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఇక్కడమ్మా... ఆదివారం నుంచి. నిన్న బళ్ళో లోపలేదో చిట్లినట్టయింది. కాసేపు తగ్గి, మళ్ళీ వచ్చింది."

డాక్టరు ముఖం పాలిపోయింది. "అపెండిక్స్ నిన్ననే పగిలింది. థియేటర్‌కి చెప్పండి, ఉన్నపళంగా!"

"డాక్టరు గారూ, నా బిడ్డ బతుకుతుంది కదండీ?"

"నిన్న తెచ్చి ఉంటే అవుననేవాణ్ణి."

స్ట్రెచర్ కదిలింది. తల్లి దాని వెంట పరిగెత్తింది. కూతురి చెయ్యి నిప్పులా కాలుతోంది. ఎవరి మీదో ఒకరి మీద నేరం వెయ్యకపోతే ఆమె ఆ వరండాలోనే కుప్పకూలిపోయేలా ఉంది.

"ఆ కుందేలు మాట ఇంకెప్పుడూ వినకు తల్లీ! అది ఒట్టి అబద్ధాలకోరు."

థియేటర్ తలుపులు తెరుచుకున్నాయి. నర్సు తల్లిని గుమ్మం దగ్గరే ఆపేసింది. పిల్ల బలవంతంగా తల తిప్పి, గొంతు కూడదీసుకుంది.

"అది బొమ్మేగా అమ్మా, దాని మాట నేనెందుకు వింటాను? గొంతు నీదేగా... నువ్వు నవ్వమన్నావనే నవ్వాను."