కోయని గొర్రె

జోస్యుడు మెలాంతోస్ బలిచ్చిన మూడో గొర్రె కాలేయాన్ని కూడా అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"శకునం బాగోలేదు దొరా. దేవుడింకా ఒప్పుకోవట్లేదు."

స్పార్టా సేనాని అల్కాండ్రోస్ పళ్లు నూరాడు. "పెద్దాయనా, అక్కడ మనవాళ్లు డాళ్ల చాటున ముడుచుకుని కూర్చున్నారు. పారసీకుల బాణాలు వానలా పడుతున్నాయి. మీరు ఊఁ అనందే నేను లేవమనలేను."

"నన్నేం చెయ్యమంటారు? రాసేది దేవుడు, నేను చదివేవాణ్ణే."

నిజానికి పొద్దున కోసిన మొదటి గొర్రె కాలేయమే నిగనిగలాడింది. గెలుపు ఖాయమంది. కానీ ముందు వరసలో మెలాంతోస్ ఒక్కగానొక్క కొడుకు ఫైడిమోస్ ఉన్నాడు. కాసేపు ఆపగలిగితే వెనకనుంచి వస్తున్న దళం వాడి వరసకి ముందుకొచ్చి నిలబడుతుందని ముసలాయన ఆశ.

ఇంతలో ఇద్దరు సైనికులు ఒకణ్ణి మోసుకొచ్చి బలిపీఠం పక్కన దించారు. పొట్టలో బాణం. ఫైడిమోస్.

"కత్తయినా దూయలేదు నాన్నా," అన్నాడు వాడు. "కోడిపెట్టలా కూర్చున్న చోటే పోతున్నా. పోట్లాడి చచ్చినా బాగుండేది. దేవుడికి మామీద ఇంత కోపం దేనికి?"

మెలాంతోస్ వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. జవాబు వినకుండానే కొడుకు కళ్లు నిలిచిపోయాయి.

"నాలుగో గొర్రెను పట్టుకురండి!" అని అరిచాడు సేనాని.

"అక్కర్లేదు," అన్నాడు మెలాంతోస్. "లేవమనండి. శకునం బాగుంది."

అల్కాండ్రోస్ ముసలాయన్నీ, ఆయన ఒళ్లో ఉన్న శవాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు నెమ్మదిగా.

"పొద్దుటినుంచీ."